కమాను కప్పు కింద ఒక పూట

ఆ రోజుల్లో ధైర్యం అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, భయాన్ని బయటికి కనిపించకుండా మింగడం మాత్రం బాగా వచ్చు. ఆ విద్యలో నాకు జరిగిన అతి పెద్ద పరీక్ష పెనుకొండలో, పట్టపగలు, ఊరి జనం చూస్తుండగా జరిగింది. కొత్తగా కట్టిన ఒక గది నడుమ ఇనుప మడత కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. నా తల మీద ఇటుకలతో, సున్నంతో కట్టిన కమాను కప్పు. దాని కింద చిన్న అడవిలా ఊతంగా నిలబెట్టిన సర్వి (సరుగుడు) కట్టెలు. మేస్త్రీ వాటిని ఒక్కొక్కటిగా తీసేస్తాడు. అన్నీ తీశాక కప్పు నిలబడితే నేను లేచి బయటికి వస్తాను. నిలబడకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బయట చెట్టు నీడలో జనం బొరుగులు తింటూ, ఇంకా తలుపు పెట్టని వీధి గుమ్మంలోంచి నన్ను చూస్తున్నారు. "పిల్లగాడు బలే నిమ్మళంగా కూసున్నాడే" అని ఎవరో మెచ్చుకోవడం కూడా వినిపించింది. నిమ్మళం కాదు, కాళ్లు లేవలేదు.

నేను ఆ కుర్చీలోకి ఎలా వచ్చానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. పత్రికలో చేరక ముందు, తొంభైల చివర్లో, నేను హిందూపురంలో ఒక ప్లాన్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. కింద జెరాక్సు అంగడి, మీద మా గది. మా యజమానిని ఊళ్లో అందరూ ఎలివేషన్ సారు అనేవాళ్లు. ఇంటి ముందు భాగం మీద ఆయనకున్న ప్రేమ వెనక భాగం మీద ఉండేది కాదు. "ముందు సింహం ఎక్కడొస్తుందో చూసుకో, వంటిల్లు దానంతట అదే కుదురుకుంటుంది" అనేవారు. అందువల్ల ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో సింహాలు సుఖంగానూ, ఆడవాళ్లు ఇరుకుగానూ ఉండేవాళ్లు. ఆయనది ఇంట్లో కన్నడం, ఆఫీసులో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదల్లా సిమెంటు స్లాబు, సిమెంటు స్తంభం, సిమెంటు తామరపువ్వు. పాత కట్టడం అంటే మాకు ఒకటే అర్థం: కొత్తది కట్టే ముందు పడగొట్టాల్సింది.

అటువంటి ఆఫీసుకు పెనుకొండ నుంచి ఒక రిటైరైన హెడ్‌మాస్టరు గారు వచ్చారు. ఆ ఊళ్లో అందరూ అయ్యవారు అనేవాళ్లు, నేనూ అదే అంటాను. కోట ఉత్తరపు వాకిలి దాటాక వాళ్లకొక రాతి చావిడి ఉంది. బండరాతి స్తంభాలు, ముందుకు వంగిన రాతి చూరు, ఓ కొసన ఇటుక కమాను కప్పిన చిన్న కొట్టుగది. సర్కారు వారి రక్షిత కట్టడాల్లో దానికి చోటు దక్కలేదు గానీ, ఊరి వాళ్లు అందులో ఎప్పటి నుంచో గ్రంథాలయం నడుపుకుంటున్నారు. చిక్కల్లా ఏమిటంటే పొద్దున్నే మగవాళ్లు పేపర్ల చుట్టూ చేరితే మళ్లీ చీకటి పడేదాకా కదలరు. ఆడపిల్లలు పుస్తకం తీసుకుని గుమ్మం దగ్గరి నుంచే వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు కూర్చుని చదువుకోవడానికి చావిడికి ఆనుకుని ఒక గది కావాలి. తాను కన్ను మూసేలోపే అది చూడాలని అయ్యవారి పట్టుదల.

మా సారు ఉత్సాహంగా ఓ ప్లాను గీయించి (గీసింది నేనే) ఆయన ముందు పరిచారు. స్లాబు, దాని మీద పిట్టగోడ, పిట్టగోడ మీద తెరిచిన పుస్తకం ఆకారం, అటూ ఇటూ సింహాలు. అయ్యవారు కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. "బాగుండాదప్పా. కానీ దీన్ని మా చావిడి పక్కన పెడితే, ముసలాయన పక్కన బ్యాండు మేళాన్ని నిలబెట్టినట్టుంటుంది" అన్నారు. మా సారు దీనంగా, "సింహాలు చిన్నవి చేస్తాం అయ్యవారూ" అన్నారు. "సింహాలు మీ హిందూపురంలోనే ఉండనీ సారూ. కొత్త గది మా చావిడి మాదిరి ఏషం కట్టొద్దు. కానీ చావిడికి చుట్టం అని చూస్తానే తెలియాల. రోడ్డు మీద పొయ్యేవానికి ముందు చావిడే కనపడాల. అందుకని దీని కప్పు చావిడి చూరు కన్నా జానెడు తగ్గుండాల. పాత గోడకు ఒక్క మేకు కూడా కొట్టగూడదు. పడమటి పక్క ఎప్పుడో మూసేసిన గుమ్మం ఉండాది, దాన్నే తెరవండి. కొత్త బొక్క పెట్టొద్దు" అన్నారు. అన్నిటినీ మించి ఇంకో మాట: లోపల చిన్న కొట్టుకు ఉన్నట్టే దీనికీ కమాను కప్పు కావాలి, సిమెంటు స్లాబు వద్దు.

ఆయన వెళ్లాక మా సారు కన్నడంలో కాసేపు, తెలుగులో కాసేపు మాట్లాడి, చివరికి నా వైపు తిరిగి, "నువ్వు పెనుకొండ పో. ఆ కొట్టు కప్పు ఎట్లుందో అట్లే దించుకుని రా" అన్నారు. నేను వెళ్లాను. కొట్టులోకి నిచ్చెన తీసుకుపోయి, కప్పు నుంచి దారం వేలాడదీసి, మూరకొకచోట ఎత్తు కొలిచి, ఆ చుక్కలన్నీ కాగితం మీద కలిపాను. కలిపాక వచ్చిన వంపు చూస్తే నాకే ముచ్చటేసింది. అప్పటిదాకా స్కేలుతో తప్ప గీత గీయని వాణ్ణి. ఆ కప్పు ఎలా ఉందో అచ్చంగా గీశాను. ఎందుకు నిలబడి ఉందో మాత్రం నాకు తెలియదు. ఐటీఐలో మాకు కమానుల గురించి చెప్పలేదు, నేనూ వాళ్లను తొందరపెట్టలేదు.

గదికి ఖర్చు పెట్టేది పెనుకొండలో పుట్టి ధర్మవరంలో చీరల వ్యాపారం చేస్తున్న ఓ సావుకారు. వాళ్ల అమ్మ పేరు మీద కట్టిస్తున్నాడు. మా సారు, నేను ప్లాను చుట్ట చుట్టుకుని ధర్మవరం వెళ్తే, మిద్దె మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. కింద మగ్గాల చప్పుడు. ఆయన ఓ పట్టుచీర మడత విప్పి నా ఒళ్లో పరిచాడు. "ఇది చూడప్పా. బాడీ ఒక రంగు, బార్డరు ఒక రంగు. రెండూ కలిసేచోట చెయ్యి పెట్టి చూడు. మీ గది కూడా చావిడికి ఇట్ల కలవల్ల. వేరే అని తెలియాల, కానీ వేరుగా ఉండకూడదు" అన్నాడు. నేను ఆ మాటకు పొంగిపోయి కాఫీ కాస్తా చీర మీద ఒలకబోయబోయాను. చీర చటుక్కున లాక్కుంటూ ఆయన రెండో మాట అన్నాడు: "గది మాత్రం ఇంకా వెడల్పుండాలప్పా. మా అమ్మ పేరు మీద కట్టేది. ఇరుగ్గా ఉంటే ఆయమ్మ ఒప్పుకోదు." (ఆయమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది.)

తిరుగు బస్సులో నేను భయంభయంగా, "సార్, గది వెడల్పయితే కప్పు కూడా వెడల్పు కావాలి కదా. ఎత్తేమో అయ్యవారు పెరగనివ్వరు" అన్నాను. "లాగు" అన్నారు సారు. "దేన్ని సార్?" "వంపును. గీతే కదా, రబ్బరు మాదిరి అటూ ఇటూ లాగు." లాగాను. కాగితం మీద గీత ఎంత లాగినా విరగదు. కానీ రాత్రి పడుకుంటే, ఇటుకలు కూడా అలాగే సాగుతాయా అన్న ప్రశ్న నా మంచం పక్కన వచ్చి కూర్చునేది.

పని మొదలయ్యాక ఆ ప్రశ్న పెనుకొండ సున్నం మేస్త్రీకి కూడా వచ్చింది. ఆయనది తెలుగు మాట్లాడే సాయిబుల కుటుంబం. తరతరాలుగా సున్నం పనే. మనిషి సన్నం, మాట లావు. "మా తాత కట్టిన గోడకు ఏనుగు గుద్దుకుంటే ఏనుగుకే బొప్పి కట్టింది" అనేవాడు. ఏ ఏనుగు, యాడ అని అడిగితే, "ఇప్పుడది ల్యాదులే" అనేవాడు. నేల మీద సున్నంతో కప్పు వంపును అసలు కొలతలో గీసి చూపిస్తే, నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు. "పాత కప్పు కూసున్నట్టుండాది. ఇది పండుకున్నట్టుండాదే" అన్నాడు. మా సారు వెంటనే, "అంతా లెక్క ప్రకారం ఉంది మేస్త్రీ" అన్నారు. లెక్క అన్న మాటకు మేస్త్రీ తలవంచాడు. నేనూ తలవంచాను, సారు ఎప్పుడో నాకు తెలియకుండా లెక్క వేసుంటారని.

గోడలు లేచాయి. కొత్త గోడ పాత గోడను ఒరుసుకోకుండా, తెరిచిన పాత గుమ్మం దగ్గర మాత్రం పక్కన నిలబడ్డ చుట్టంలా కలిసింది. సర్వి కట్టెల ఊతం మీద చెక్కలు పరిచి, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి, గానుగలో నూరిన సున్నం పోసి కప్పు పూర్తి చేశారు. సున్నం గట్టిపడాలంటే ఓపిక పట్టాలన్నాడు మేస్త్రీ. పట్టాం. మధ్యలో వానలు పడ్డాయి. ఆ వానల్లో నేను పేపరు తెరిస్తే చాలు, జిల్లా పేజీలో గోడ కూలిన వార్తల మీదికే చూపు పోయేది. కప్పు పడితే ఒంటరిగా పడదని నాకు అనిపించేది. పక్కనున్న చావిడి గోడను కూడా తోసుకుంటూ పడుతుంది. ఎన్నో తరాలు చూసిన ఆ చావిడి, లాగిన ఒక గీత వల్ల పోతుంది. అయ్యవారి ముఖం ఊహించుకుని పేపరు మడిచేసేవాణ్ణి.

ఊతకర్రలు తీసే రోజు పొద్దున్నే అందరూ చేరారు. సావుకారు ధర్మవరం నుంచి జీపులో మనుషుల్ని, దండల్ని, ఒక తప్పెటల జట్టును దించాడు. మా సారు తెల్లచొక్కా వేసుకుని, వచ్చినవాళ్లందరికీ, "నా డిజైనే. పాతదాని ఆత్మ పట్టుకున్నా" అని చెబుతున్నారు. అప్పుడు మేస్త్రీ సుత్తి కింద పెట్టి, అందరికీ వినపడేట్టు, "గీసినోడు కింద కూసోవాల" అన్నాడు. "అంటే?" అన్నారు అయ్యవారు. "కమాను కప్పుకు కట్టెలు తీసేటప్పుడు ప్లాను గీసినోడు లోపల కూసోవాల. మా తాత కాలం నుంచి అంతే. కూసోకుంటే నేను కట్టె ముట్టను. నేనొక్కణ్ణే ఎందుకు లోపలికి పోవల్ల?"

అందరూ మా సారు వైపు చూశారు. సారు నా భుజం మీద చెయ్యి వేశారు. అంత ప్రేమగా ఎప్పుడూ వేయలేదు. "నిజానికి గీసింది ఈ అబ్బాయే. నేను సంతకం పెట్టినాను, అంతే" అన్నారు. ఆ ఆఫీసులో నా పనికి గుర్తింపు దక్కడం అదే మొదలు. అయ్యవారు అడ్డుపడ్డారు: "వద్దులేప్పా, పెండ్లి కావాల్సిన పిల్లగాడు." సావుకారు గొంతు సవరించుకుని, "పద్ధతి అంటే పద్ధతే గదా అయ్యవారూ" అన్నాడు. "అట్లయితే గది అడిగింది నేను. నేనే కూచుంటా" అని అయ్యవారు పంచె సర్దుకుని కర్ర పట్టుకున్నారు. ఆయన రెండడుగులు వేసేలోపే, "నేను కూర్చుంటాను" అన్న మాట వినిపించింది. ఎవరా అని చుట్టూ చూశాను. నేనే.

అలా ఆ మడత కుర్చీలోకి వచ్చాను. మేస్త్రీ బీడీ చెవి మీద పెట్టుకుని, సుత్తి తీసుకుని లోపలికి వచ్చాడు. కట్టెల మధ్య అటూ ఇటూ తిరిగి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు: "ఏమబ్బా, నడిమి నుంచి తీయాల్నా, కొసల నుంచి తీయాల్నా?"

వేళాకోళం అనుకున్నాను. "నీకు తెలుసు కదా మేస్త్రీ."

"మా నాయన తీస్తాంటే చూసినా. యాడ మొదలుపెట్టినాడో గుర్తు రాలా. నేను బయట సున్నం మోసే గాడిదల కాడుంటి."

"ఇంతకుముందు నువ్వు కమాను కప్పు కట్టలేదా?"

"గుమ్మాల మీద కట్టినా. ఇంత కప్పు ఇదే. నువ్వు లెక్క ఏసినావు గదా?"

"నేను గీతలే గీశాను. లెక్క మా సారు వేసుంటారు."

"అయ్యవారు ఎవురో ఇంజనీరుకు చూపించినారని మీ సారు అన్నాడే."

అయ్యవారు క్రితం రోజే నాతో, "మీ సారుకు అన్నీ తెలుసని నేను ఇంకెవురికీ చూపించలేదప్పా" అన్నారు. అంటే ఇటుకలు ఒకదాన్నొకటి నమ్ముకుని నిలబడినట్టు, మేం నలుగురమూ ఒకరినొకరు నమ్ముకుని ఆ కప్పు కట్టాం. లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. నేను ఉన్న గొంతంతా కూడదీసుకుని అరిచాను: "సార్! నడిమి నుంచి తీయాలా, కొసల నుంచా?" జనం వెనక నుంచి, ఇందాకటి కంటే చాలా దూరం నుంచి సారు గొంతు వచ్చింది: "ప్లానులో ఉన్నట్టే తీయండి!" ప్లానులో కట్టెలే లేవు.

"నడిమి నుంచే తీస్తాం" అన్నాడు మేస్త్రీ. "పడేదుంటే ముందే పడుతుంది. కడదాకా ఎదురుచూసే పనుండదు." ఆ తర్కం నాకు నచ్చలేదు గానీ, నా దగ్గర వేరేది లేదు. ఆయన మొదటి కట్టె అడుగున బిగించిన చెక్క చీలను సుత్తితో కొట్టి, కళ్లు మూసుకుని లాగాడు. కట్టె దాని మీది చెక్కతో సహా దబ్బుమని పడింది. "ఉండాదా?" అన్నాడు కళ్లు తెరవకుండా. నేను పైకి చూసి, "ఉంది" అన్నాను. ఇంకోటి లాగాడు. "ఉండాదా?" "ఉంది." బయట జనం ప్రతి కట్టెకూ ఈల వేస్తున్నారు. నేను మనసులో నా గురించి రాబోయే వార్తను రాసుకుంటున్నాను. నాలుగు లైన్లు. శీర్షికలో యువకుడు అని మాత్రమే ఉంటుంది, పేరు లోపల తప్పుగా పడుతుంది. (తర్వాతి కాలంలో అటువంటి వార్తలు రాయాల్సి వచ్చినప్పుడల్లా పేరు ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకునేవాణ్ణి. సబ్ ఎడిటర్లు నా జాగ్రత్తను మెచ్చుకునేవాళ్లు.)

సగం కట్టెలు పోయాక పైన టక్‌మని ఒక శబ్దం వచ్చింది. చిన్న శబ్దమే. జనం ఒక్కసారిగా వెనక్కి పోయారు. బొరుగుల పొట్లాలు మాత్రం చెట్టు కిందే మిగిలాయి. నా నెత్తి మీద సన్నగా సున్నపు పొడి రాలింది. కప్పు నడుమ వెంట్రుక మందాన ఓ గీత కనిపించింది. నేను గీయని గీత.

"సర్దుకుంటాండాది" అన్నాడు మేస్త్రీ.

"ఏది?"

"కప్పు."

"ఎక్కడికి?"

ఇద్దరం ఆ గీతనే చూశాం. ఇంకో శబ్దం రాలేదు. ఆయన బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు, ముట్టించలేదు. నాకు ఎందుకో ఆయన మీద జాలి వేసి, కుర్చీలోంచి లేచి (కాళ్లు అప్పటికి మాట విన్నాయి) తర్వాతి కట్టె రెండో వైపు పట్టుకున్నాను. అక్కడి నుంచి ఇద్దరం కలిసే తీశాం. "ఉండాదా?" "ఉంది." గది ఖాళీ అవుతున్న కొద్దీ వంపు బయటపడింది. లోపలికి వెలుతురు వచ్చి, సున్నపు తెలుపు మీద మెల్లగా పాకింది. అంత భయంలోనూ అది అందంగా ఉందని గమనించాను. చావిడికి చుట్టంలాగే ఉంది, పోలిక తెలుస్తూనే ఉంది.

చివరికి చావిడి గోడ పక్క మూలన ఒక్క కట్టె మిగిలింది. మేస్త్రీ దాని కింది చెక్క చీలను కొట్టాడు. కదల్లేదు. గట్టిగా కొట్టాడు. కదల్లేదు. నేను కట్టెను పట్టుకుని ఊపితే కొండను ఊపినట్టుంది. "వానకు ఉబ్బినట్టుండాది" అన్నాడు ఆయన. "ఉబ్బిందా, మోస్తోందా?" అన్నాను నేను. ఇద్దరం ఆ కట్టెను చూశాం, కప్పును చూశాం, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అంతలో గుమ్మంలోంచి అయ్యవారు తొంగిచూసి, మేము ఊరికే నిలబడి ఉండడం చూసి, పని అయిపోయిందనుకుని చేతులు జోడించి పైకి చూశారు. ఆయన కళ్లలో నీళ్లు. అది చూసి బయట తప్పెటలు మొదలయ్యాయి. మేస్త్రీ నా చెవిలో, "ఇది ఉండనీలే అబ్బా. వారం పోయినాక తీస్తాం" అన్నాడు. నా జీవితంలో అంత వెంటనే ఎవరి మాటకూ ఒప్పుకోలేదు. బయటికి వస్తే మెళ్లో దండ పడింది. మా సారు రోడ్డు అవతలి నుంచి వచ్చి, ఫోటోలో నాకూ మేస్త్రీకీ మధ్య నిలబడి, "నా డిజైన్" అన్నారు.

ఆ ఏడాదే నేను ప్లాన్ల ఆఫీసు మానేసి పత్రికలో చేరాను. విలేకరిగా తిరిగేటప్పుడు ముదిగుబ్బ, తలుపుల, నంబులపూలకుంట, ఎక్కడ పాత మేస్త్రీ కనిపించినా, కట్టెలు తీసేటప్పుడు గీసినవాడు కింద కూర్చోవాలనే పద్ధతి గురించి అడిగేవాణ్ణి. అటువంటిది విన్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఒకాయనైతే, "ఆ ఆలోచన చెప్పినోడు బలే గట్టోడప్పా" అన్నాడు. పెనుకొండ వెళ్లి మా మేస్త్రీనే నిలదీస్తే, ఆయన మనవరాలికి జడ వేస్తూ తల ఎత్తకుండా అన్నాడు: "ఒక్కణ్ణే పోవాలంటే బయమేసిందబ్బా. నువ్వు రాకుంటే నేనూ పోయుండను."

అయ్యవారు ఆ గదిలో ఆడపిల్లలు చదువుకోవడం కొన్నేళ్లపాటు కళ్లారా చూసే వెళ్లిపోయారు. మేస్త్రీ కూడా ఇప్పుడు లేడు. ఆ వారం మాత్రం ఇంకా పోలేదు. ప్రతి కొత్త కమిటీ మూలనున్న కట్టెను తీసేయాలని తీర్మానిస్తుంది. ఎవరో ఒక ఇంజనీరు వస్తాడు. కట్టెను వేలితో తట్టి, కప్పు వైపు చూసి, వెంట్రుక మందపు గీతను చూసి, "ఇప్పుడు బాగానే ఉంది కదా, ఎందుకు కదిలించడం" అంటాడు. గోడలకు సున్నం వేసినప్పుడల్లా దానికీ వేస్తారు. కోట చూడ్డానికి వచ్చేవాళ్లు అది ఏ కాలం నాటి స్తంభమని అడుగుతారట. మొన్నామధ్య నేను వెళ్లినప్పుడు, ఒకప్పుడు ఆ గదిలోనే చదువుకుని ఇప్పుడు గ్రంథాలయానికి కార్యదర్శి అయిన అమ్మాయి, "గీసినవారు మీరే వచ్చినారు గదా సార్, ఈ పొద్దు తీసేద్దామా?" అంది. పాతికేళ్ల కిందట మడత కుర్చీలో బిగుసుకుపోయిన ఆ సన్నటి కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకున్నాను. ఈ జుట్టు నెరిసిన పెద్దమనిషి వాడికంటే ధైర్యవంతుడేమీ కాదని, అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న నా కాళ్లను చూశాక తెలిసింది. ఆ కప్పు తనంతట తాను నిలబడి ఉందో, ఆ ఒక్క కట్టె మీద నిలబడి ఉందో ఈ రోజుకీ తేలలేదు.